ఆరున్నొకటి

మామ్మ బియ్యం కొలుస్తున్నప్పుడు ఎవరూ పలకరించకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. శుక్రవారం సాయంత్రం, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని క్వార్టర్లో, వంటింటి నేల మీద పీట వేసుకుని కూర్చుంది అప్పలనర్సమ్మ. పిండి మరకి ఇవ్వడానికి డబ్బాలోంచి సోలతో బియ్యం తీసి బేసిన్లో పోస్తోంది.

"లాభం... రెండు... మూడు..."

గుమ్మంలో నిలబడి బ్యాగు సర్దుకుంటున్న ప్రత్యూష వింటూనే ఉంది. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. అంకెలంటే ప్రాణం. రైలు పెట్టె నంబరు కనపడితే ఆ అంకెలన్నీ కూడేదాకా చూపు తిప్పుకోదు. ఎవరూ అడక్కుండానే 'అడుగు' అని పేరుపెట్టి, శనాదివారాల్లో జనాన్ని కొండలకి తీసుకెళ్ళే పని మొదలుపెట్టింది. రేపటిది పదమూడోసారి.

"ఐదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది."

ఆఖరి సోల పడ్డాక ప్రత్యూష నవ్వింది. "మామ్మా, ఆ ఏడు నీకేం పాపం చేసింది?"

"నోరు ముయ్యే గుంటా! బియ్యం మీద ఆ మాటంటారేటి?" మామ్మ పమిటతో మొహం తుడుచుకుంది. "అది లెక్క కాదే. సెప్పడం. ఆ మాట ఇన్నోళ్ళని ఏడవమని సెప్పడం."

"అచ్ఛా, అందుకా!" పక్కన మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చున్న హరిప్రియ అంది. ప్రత్యూష బాబాయి కూతురు. పద్దెనిమిదేళ్ళది. పదేళ్ళు వచ్చేదాకా మామ్మ దగ్గరే పెరిగింది. నోరు తెరిస్తే ముందు 'అచ్ఛా' రావాలి, తర్వాతే మిగతా మాట. మర్నాటి నడకకి అదీ వస్తోంది. ఆ సంగతి ఖాయం చేసుకోవడానికే దాని తల్లి కనకం అదే ఊళ్ళోని సర్కండా నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది.

"నీ లెక్క మీద నమ్మకంతో పంపుతన్నానే ప్రత్యూషా. దానికి నీళ్ళంటే పిచ్చి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తాం. నా పిల్లని నాకు అప్పజెప్పాలి."

"ఎంతమందిని తీసుకెళ్తే అంతమందిని తెస్తాను పిన్నీ. పన్నెండుసార్లు తెచ్చాను."

*

మర్నాడు పొద్దున్న పెండ్రా వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కారు. ఖొంగ్‌సరా దాటాక ఓ చిన్న స్టేషన్లో దిగారు. ప్లాట్‌ఫాం మీదే ప్రత్యూష అందరినీ వరసలో నిలబెట్టింది.

మొత్తం ఏడుగురు. ఒకటి ప్రత్యూష. రెండు, మూడు, సర్కండాలో కొత్తగా కాపురం పెట్టిన బ్యాంకు జంట. నాలుగు ఓంకార్, ప్రత్యూషతో చదువుకున్నవాడు. ఐదు జానకిరామ్, గోదావరిఖని నుంచి బదిలీ మీద వచ్చిన బొగ్గు కంపెనీ ఇంజినీరు. ఆరు ఆయన ఆఫీసు స్నేహితుడు. ఆఖరిది హరిప్రియ. ఆగిన ప్రతి చోటా ఎవరి అంకె వాళ్ళు వరసగా పైకి చెప్పాలి. అదీ తెలుగులో. అందరివీ తెలుగిళ్ళే, నోళ్ళు మాత్రం ఎక్కువమందివి హిందీవి. కనీసం పదిలోపు అంకెలైనా తెలియకపోతే ఎలా అని ప్రత్యూష పెట్టిన నియమం అది.

"ఒకటి."

"రెండు." "మూడు."

"చార్... అరే నహీఁ, నాలుగు!"

"మా గనిలో గూడ ఇట్లనే," జానకిరామ్ నవ్వాడు. "దిగినోళ్ళెందరో ఎక్కినోళ్ళందరు. లెక్క తప్పితే లిఫ్టు కదలది. ఐదు!"

"ఆరు."

"ఆరున్నొకటి," అంది హరిప్రియ.

అందరూ గొల్లుమన్నారు. "ఇదేం నంబర్ యార్? ఆరా, ఒకటా? తేల్చుకో!" అన్నాడు ఓంకార్.

"అచ్ఛా, మామ్మ అలాగే అంటుంది కదా..."

రెండోసారి, వాగు దాటాక జరిగిన లెక్కలోనూ అదే మాట వచ్చింది. ఈసారి ప్రత్యూష నవ్వలేదు. దాన్ని పక్కకి తీసుకెళ్ళింది. "చూడు హరీ, ఏదైనా ప్రమాదం జరిగిందనుకో. నీ మాటలో సగమే వినపడితే? ఆరో, ఒకటో అనుకుంటాం. నువ్వు లేవని ఎవరికీ తెలీదు. ఏడు అను. ఒక్క ముక్క. సరేనా?"

హరిప్రియ ఇష్టం లేనట్టు పెదవి కొరుక్కుంది. "అచ్ఛా. సరే అక్కా."

*

దారి చూపిస్తున్న సమారూకి అరవై దాటి ఉంటాయి. భుజాన గొడ్డలి, చెవి మీద బీడీ. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు. సాల చెట్ల మధ్య రెండు గంటలు మాట లేకుండా నడిపించాడు. నేల ఉన్నట్టుండి తెగిపోయి, రెండు కొండల మధ్య లోతుగా దిగిపోయిన చోట ఆగాడు. కింద ఎక్కడో నీళ్ళ హోరు. కనపడటం లేదు.

"చుప్ దహరా," అన్నాడు. దహరా అంటే మడుగు. మాట్లాడని మడుగు.

ఆయన ముందుకు కదల్లేదు. రాయి మీద కూర్చున్నాడు. "ఉహాఁ కోనో ల కుచ్ఛూ ఝన్ కహిహౌ."

"అక్కడ మాట్లాడొద్దంటున్నాడు," ఓంకార్ అర్థం చెప్పాడు.

"మాట్లాడొచ్చు," సమారూ హిందీలోకి మారాడు. "ఎవరికీ ఏదీ చెయ్యమని చెప్పకూడదు. రా, పో, ఆగు, చూడు... ఇలాంటివేవీ. అక్కడి నీళ్ళు వింటాయి. చెప్పింది చేస్తాయి."

ఎవరూ నవ్వకముందే ఆయన మిగతాది చెప్పేశాడు, బీడీ ధర గురించి చెప్పినంత మామూలుగా. "మా కాకా పెళ్ళైన కొత్తలో పెళ్ళాన్ని, మా కాకీని, తీసుకెళ్ళాడు. అలిసిపోయావు, కూర్చో అన్నాడు. అంతే. నలుగురు కలిసి పైకి మోసుకొచ్చారు, కూర్చున్నది కూర్చున్నట్టే. పదకొండేళ్ళు బతికింది. పడుకోలేదు. నిలబడలేదు."

బ్యాంకు అమ్మాయి మొగుడి చెయ్యి పట్టుకుంది. ప్రత్యూష మాత్రం వేరే లెక్కలో ఉంది. జారుడు బండలు, లోతైన మడుగు. అరుపులూ పరుగులూ లేకపోతే అందరికీ మంచిదే. ఒక్కటే సందేహం.

"కాకా, మేం మనుషుల్ని లెక్కపెట్టుకుంటాం. ఒకటి, రెండు అని. అది అనొచ్చా?"

సమారూ నిజంగానే కాసేపు ఆలోచించాడు.

"గినతీ మ కా హే, నోనీ?" అన్నాడు చివరికి. నోనీ అంటే వాళ్ళ భాషలో ఆడపిల్ల. "లెక్కలో ఏముంది తల్లీ? అంకె ఎవర్నీ ఏమీ చెయ్యమనదు కదా."

*

దిగేటప్పుడు బండల అంచులు మెట్లలా ఉన్నాయి. ప్రత్యూష మనసులో లెక్కపెట్టుకుంది. రెండు వందల పన్నెండు. వందో మెట్టు దగ్గరే ఎండ ఆగిపోయింది. అక్కణ్ణుంచి చల్లదనం కాళ్ళకి చుట్టుకుంటూ వచ్చింది. కుళ్ళిన ఆకుల వాసన, గబ్బిలాల వాసన, వాటి వెనకాల తడిసిన ఇనుములాంటి మరో వాసన. నాచు పట్టిన గోడలు రెండు వైపులా దగ్గరికి జరుగుతున్నాయి. తలెత్తి చూస్తే ఆకాశం పట్టాలంత సన్నంగా ఉంది.

జలపాతం చివరి మలుపు తిరిగాక కనపడింది. ఎత్తు నుంచి ఒక్క ధారగా, తెల్లగా, నల్లటి మడుగులోకి పడుతోంది. అంత నీరు పడుతున్నా ఆ హోరు గట్టిగా లేదు. గదిలో ఎవరో నిద్రపోతున్నారని తెలిసినవాళ్ళు గొంతు తగ్గించుకున్నట్టుగా ఉంది.

సైగలతోనే ఫొటోలు తీసుకున్నారు. ఓంకార్ మూగవాడిలా నటించి అందరినీ నవ్వించాడు. హరిప్రియ బూట్లు విప్పకుండానే మడుగు అంచు బండ మీదికి వెళ్ళి, వంగి నీళ్ళలో వేళ్ళు పెట్టింది. ప్రత్యూష రమ్మని చెయ్యూపింది. అది నవ్వి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది.

నాలుగింటికి పది నిమిషాల ముందు గోడల మీది వెలుతురు బూడిద రంగుకి తిరిగింది. జలపాతం నుంచి తుంపర లేచి లోయలో నిండటం మొదలుపెట్టింది. మొదట మడుగు కనపడటం మానేసింది. తర్వాత దాని అంచు బండ. ఆ బండ మీద హరిప్రియ పసుపు జాకెట్టు కాసేపు మసగ్గా కనపడి, అదీ పోయింది.

ఇక బయల్దేరాలి. ప్రత్యూష గొంతు పెంచింది. "ఒకటి."

"రెండు." "మూడు."

"నాలుగు." "ఐదు."

"ఆరు."

ఆగింది. తుంపరలో ఎక్కడో హరిప్రియ ఊపిరి తీసుకోవడం వినపడింది. అలవాటైన మాట నోటిదాకా వచ్చి, దాన్ని మింగినట్టు చిన్న తడబాటు. తర్వాత, అక్క చెప్పినట్టే, స్పష్టంగా...

"ఏడు."

జలపాతం హోరు ఆగింది.

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పడుతున్నట్టు తెలుస్తోంది. చప్పుడు మాత్రం లేదు.

అంకె ఎవర్నీ ఏమీ చెయ్యమనదు. హిందీలో అనదు. సమారూ భాషలోనూ అనదు. తెలుగులో ఒకే ఒక్కటి అంటుంది. నీళ్ళు వింటాయి... చెప్పింది చేస్తాయి...

అప్పుడు మొదలైంది.

సన్నగా. మడుగు వైపు నుంచి. గొంతులో అణుచుకున్న ఏడుపు... ఒక్కో వెక్కుకీ మధ్య నీళ్ళు మింగుతున్నట్టు చప్పుడు. ఆ గొంతు ప్రత్యూషకి తెలుసు. చిన్నప్పుడు జ్వరం వస్తే మామ్మ ఒళ్ళో పడుకుని అలాగే ఏడ్చేది. హరిప్రియ.

"అక్కా..."

ఆ ఒక్క పిలుపుతో ప్రత్యూష అన్నీ మర్చిపోయింది. నియమం, సమారూ, కూర్చున్న కాకీ... అన్నీ. ఆ చోట ఎవరైనా అనే మాటే అరిచింది.

"హరీ! అక్కడే ఉండు! కదలకు! నేను వస్తాను!"

ఏడుపు ఆగిపోయింది.

నోటి నుంచి ఏం వచ్చిందో ప్రత్యూషకి అప్పుడు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. మడుగు వైపు ఒక్క అడుగు వేసింది. ఇంకొక్కటి...

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిలో దూరింది. చల్లగా, తడిగా.

"నేను ఇక్కడే ఉన్నాను కదా అక్కా."

ప్రత్యూష తిరిగింది. హరిప్రియ. పసుపు జాకెట్టు. జుట్టంతా తుంపర ముత్యాలు. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. ఏడ్చిన జాడే లేదు.

"నువ్వు... ఆ బండ మీద..."

"వచ్చేశాను."

జలపాతం హోరు మళ్ళీ మొదలైంది, ఎప్పుడూ ఆగనట్టు. ప్రత్యూష మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరి భుజం మీద తట్టి పైకి పంపింది. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆఖరి భుజం మీద చెయ్యి వేసినప్పుడు అంకె మనసులో కూడా అనుకోలేదు. లెక్క సరిపోయింది.

ఎనభయ్యో మెట్టు దగ్గర జానకిరామ్ ఆగాడు. మొహం పాలిపోయింది. "మేడమ్," గుసగుసగా అన్నాడు. "కింద ఎవరో ఏడు..."

ప్రత్యూష ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

నిజమే. కింద నుంచి... చాలా కింద నుంచి... ఆ ఏడుపు మళ్ళీ వస్తోంది. ఇందాకటిలా పిలవడం లేదు. ఎవరో వస్తారని తెలిసి, వచ్చేదాకా ఓపిక పడుతున్నవాళ్ళ ఏడుపులా ఉంది.

ఆమె వెనక్కి చూసింది. మెట్లు తుంపరలో కరిగిపోయాయి. పక్కన హరిప్రియ చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఇంత ఎక్కినా దాని ఊపిరి కొంచెమైనా బరువెక్కలేదు. ప్రత్యూష లెక్క వేసుకుంది. భయం వేసినప్పుడల్లా ఆమె చేసేది అదే. దిగినవాళ్ళు ఎంతమందో ఎక్కుతున్నవాళ్ళు అంతమంది. అక్కడ ఇంకెవరూ మిగలడానికి వీల్లేదు. లెక్క అబద్ధం చెప్పదు.

ఆమె పైకే నడిచింది.

అంచున సమారూ లేచి నిలబడ్డాడు. "గినతీ బరాబర్?"

"బరాబర్, కాకా."

ఆయన అందరి వంకా చూశాడు. అందరికీ బూట్ల నుంచి మోకాళ్ళదాకా ఎర్రమట్టి. ఒక్క హరిప్రియ బూట్లు కడిగినట్టున్నాయి. ఆయన చూపు అక్కడ కొంచెం సేపు ఆగింది. తిరుగు దారంతా ఎప్పుడూ ముందు నడిచే మనిషి అందరికంటే వెనకగా, దూరంగా నడిచాడు.

రైల్లో ఓంకార్ ఎంత కదిపినా హరిప్రియ ఊఁ ఊఁ అనడమే. కిటికీ పక్కన కూర్చుని కళ్ళార్పకుండా బయటికి చూసింది. బిలాస్‌పూర్ స్టేషన్లో దిగి ఆటో ఎక్కాక ప్రత్యూషకి తట్టింది. నాలుగింటి నుంచి ఇప్పటిదాకా దాని నోట ఒక్క 'అచ్ఛా' రాలేదు.

*

ఆదివారం తొమ్మిదిన్నరకి ఇంట్లో పోపు వాసన. కనకం వాళ్ళు మధ్యాహ్నం వస్తారు. వంటింట్లో మామ్మ గొంతు వినపడుతోంది. "నా మోకాళ్ళు ఒంగట్నేదే. నువ్వు కొలిసీయే హరీ."

రాత్రంతా ప్రత్యూషకి నిద్ర లేదు. పక్క మంచం మీద హరిప్రియ వెల్లకిలా, కదలకుండా, ఒక్కసారైనా ఒత్తిగిల్లకుండా పడుకుంది. అలిసిపోయి ఉంటుంది, అంతే అని తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో ఈసారి లెక్కపెట్టలేదు.

ముందు గదిలో ఫోన్ మోగింది. సమారూ. గాలి చప్పుడులో గొంతు తెగిపోతూ వస్తోంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఉంటాడు.

"నోనీ... గినతీ బరాబర్ అన్నావు కదా?"

"అవును కాకా. ఏం?"

"ఒకటి," అంది వంటింట్లో హరిప్రియ. బియ్యం పడిన చప్పుడు.

"నిన్న చీకటి పడ్డప్పటి నుంచి కింద ఒక పిల్ల గొంతు వస్తోంది, నోనీ. తెల్లారినా ఆగలేదు. అంచున నిలబడి విన్నాను. రమ్మని పిలవడానికి భయమేసింది. రమ్మంటే ఏది వస్తుందో..."

"రెండు. మూడు."

లాభం అనలేదు. ఒకటి అంది. ప్రత్యూష ఫోన్ని చెవికి గట్టిగా అదుముకుంది.

"మీ భాషే అనుకుంటా. ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. ఏదో తప్పు దిద్దుకుంటున్నట్టు. ముందు అచ్ఛా అంటోంది. తర్వాత... ఆరున్... ఆరున్నొకటీ. అచ్ఛా, ఆరున్నొకటీ. అచ్ఛా అక్కా, ఆరున్నొకటీ." గాలి హోరు. "అంటే ఏమిటి నోనీ?"

"నాలుగు. ఐదు."

నిన్న మడుగు దగ్గర తనే హరిని అక్కడే ఉండు అంది. వస్తాను అంది. అది అక్కడే ఉంది.

"ఆరు."

మామ్మ ఆపాలి. ఇప్పుడు మామ్మ తిట్టాలి...

"ఏడు," అంది వంటింట్లో గొంతు, నెమ్మదిగా.

ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ప్రత్యూష గుమ్మం దాకా వెళ్ళింది. మామ్మ గోడకి చేరగిలబడి ఉంది. ముడతల వెంట ధారగా కన్నీళ్ళు. ఆమె వాటిని తుడుచుకుంటోంది, తుడిచిన కొద్దీ వస్తున్నాయి.

"ఏటోనే గుంటా..." బిత్తరపోయి చూసింది మామ్మ. "ఏటీ నేదు... నాకేటీ అవనేదు... కళ్ళంట నీళ్ళు ఆగట్నేదు..."

పీట మీద హరిప్రియ కూర్చుని ఉంది. చేతిలో సోల. బియ్యం కొలిచిన ఆ సోల అంచు నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి.

ప్రత్యూష వెనక్కి అడుగు వేసింది. పదింబావుకి ఒక ప్యాసింజర్ ఉంది. స్టేషన్‌కి పది నిమిషాలు. వస్తానంది. వెళ్ళాలి. చెప్పుల వైపు తిరిగింది.

"ఎవరక్కా ఫోను?"

జవాబు చెప్పకుండా ఒక చెప్పులో కాలు పెట్టింది. ఇంకోటి...

"నిన్నంతా నడిచావు," వెనక నుంచి ఆ గొంతు, ఎంతో ప్రేమగా. "అలిసిపోయావు అక్కా. కూర్చో."

"నోనీ?" ఫోన్లో సమారూ అడుగుతూనే ఉన్నాడు. "వస్తున్నావా, నోనీ?"

ప్రత్యూష అప్పటికే కూర్చుని ఉంది.